మరొకరి నోట వినిపించే దేవుడు
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఏడాది ఏం మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు విషయం కోసం పెద్దగా వెతుక్కోవలసిన అవసరం రాలేదు. యౌవనస్థుల కూటాలకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. దేవుడు అబ్రాహాముతో మాట్లాడాడు, మోషేతో మాట్లాడాడు, పౌలుకు కనబడ్డాడు, మరి నాతో ఎందుకు మాట్లాడడు అని. అడిగేవాళ్ల గొంతులో వెటకారం ఉండదు. ఉపవాసాలుండి, రాత్రంతా మోకాళ్ల మీద గడిపి, పక్కన కూర్చున్నవాడికి వచ్చిన అనుభవం తనకు రాలేదని లోలోపల కుమిలిపోయే పిల్లలు వాళ్లు. తమ విశ్వాసంలోనే ఏదో లోటు ఉందని నమ్మేసి, నెమ్మదిగా గుడికి రావడం మానుకొన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను దృష్టిలో పెట్టుకొనే ఈ సాయంత్రం మాట్లాడుతున్నాను.

నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. క్రైస్తవ విశ్వాసంలో దేవుణ్ణి మనిషి వెతికి పట్టుకోడు, దేవుడే తన్ను తాను తెలియజేసుకొంటాడు. అంతవరకు అందరూ ఒప్పుకొంటారు. అయితే ఆయన అలా తెలియజేసుకొన్నప్పుడు దాదాపు ప్రతిసారీ ఇంకొక మనిషిని మధ్యలో నిలబెడతాడు. తాను నేరుగా కనబడిన చోట కూడా నిలబెడతాడు. దాన్ని మనం ఒక కొరతగా, రెండో తరగతి అనుభవంగా చూస్తున్నాం. బైబిలు అలా చూడదు. మనిషి ద్వారా మనిషికి తెలియడం ఆయన కోరి ఎంచుకొన్న దారి. ఆయన ఎలాంటివాడో ఆ దారిలోనే కొంత తెలుస్తుంది.

ముందుగా, పాఠ్యపుస్తకాల్లో ఉండే సంగతి ఒకటి త్వరగా చెప్పుకొని ముందుకు వెళ్దాం. వేదాంత విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే చెప్పే విభజన ఒకటుంది. సృష్టిని చూసి, మనస్సాక్షిని గమనించి, దేవుడున్నాడని ఎవరైనా గ్రహించగలరు. అది అందరికీ తెరిచి ఉన్న దారి. ఇశ్రాయేలు చరిత్రలోను, క్రీస్తులోను ఆయన ప్రత్యేకంగా తెలియజేసుకొన్నది రెండో దారి. 19వ కీర్తన ఆకాశాన్ని సాక్షిగా పిలుస్తుంది. పౌలు ఏథెన్సులో అరేయొపగు మీద నిలబడి, పేరు తెలియని దేవునికి కట్టిన బలిపీఠం దగ్గర మొదలుపెట్టి మాట్లాడాడు. దేవుడున్నాడన్న సంగతి మానవ బుద్ధికి అందుతుందని 1870లో మొదటి వాటికన్ మహాసభ ఒక సిద్ధాంతంగానే ప్రకటించింది. ఇవన్నీ నిజమే. వేకువన పొలం గట్టు మీద నిలబడ్డ రైతుకు ఒళ్లు జలదరించే క్షణం ఒకటి వస్తుంది. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆకాశానికి నా పేరు తెలియదు. ఎవరో ఉన్నారని చెబుతుంది తప్ప, ఆ ఉన్నవాడు నన్ను క్షమిస్తాడో లేదో చెప్పదు.

ఈ మొదటి దారి మీద 20వ శతాబ్దంలో పెద్ద గొడవ జరిగింది. 1934లో ఎమిల్ బ్రున్నర్ అనే స్విస్ వేదాంతి, సృష్టిలోను మానవ స్వభావంలోను దేవుని మాట వినడానికి ఒక అవకాశం మిగిలే ఉందని ఒక చిన్న పుస్తకం రాశారు. అదే ఏడాది ఆయన స్నేహితుడు కార్ల్ బార్త్ దానికి జవాబు రాసి, దానికి పేరు కూడా ‘కాదు!’ అనే పెట్టారు. ఇద్దరు పండితుల పట్టుదలగా చూస్తే ఈ గొడవ అర్థం కాదు. అది జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చిన మరుసటి ఏడాది. జర్మన్ జాతిలో, రక్తంలో, ఆ నాయకుడి రాకలో దేవుడు కొత్తగా తెలియబడుతున్నాడని అక్కడి క్రైస్తవుల్లో ఒక పెద్ద వర్గం బహిరంగంగా చెబుతోంది. ఆ మే నెలాఖరున బార్మెన్ పట్టణంలో కూడిన సంఘ ప్రతినిధులు ఒక ప్రకటన చేశారు. దాని రచనలో ప్రధాన హస్తం బార్త్‌ది. యేసుక్రీస్తు ఒక్కడే దేవుని వాక్యమని, ఆయన పక్కన ఇంకో సంఘటనను గాని, అధికారాన్ని గాని దేవుని మాటగా సంఘం ఒప్పుకోకూడదని దాని సారాంశం. మరుసటి ఏడాది బార్త్ తన విశ్వవిద్యాలయ పదవి పోగొట్టుకొన్నారు.

బ్రున్నర్ పట్ల బార్త్ అవసరానికి మించి కఠినంగా ప్రవర్తించారనే నా అభిప్రాయం. అయినా ఆయన భయం సరైనదే. మనకు నచ్చిన ప్రతి ఉప్పెననూ దేవుని స్వరం అనుకోవడం మొదలుపెడితే, చివరికి మన గొంతునే మనం వింటూ కూర్చుంటాం. ఎదుట ఇంకొక మనిషి నిలబడి, మనం వినాలనుకోని మాట చెప్పినప్పుడు ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది. నా అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

సమూయేలు కథ మనలో చాలామందికి సండేస్కూల్లోనే తెలుసు. బాగా తెలిసిన కథ కాబట్టే దాన్ని సరిగా చదవం. షిలోహు మందిరంలో ఒక పిల్లవాడు పడుకొని ఉన్నాడు. దీపం ఇంకా ఆరలేదు. ఆ రోజుల్లో దేవుని మాట అరుదని, దర్శనాలు తరచుగా లేవని కథకుడు ముందే చెబుతాడు. యాజకుడైన ఏలీకి చూపు మందగించింది. పేరు పెట్టి పిలిచిన స్వరం పిల్లవాడికి వినబడింది. లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. నేను పిలవలేదు, పోయి పడుకోమన్నాడు ఏలీ. రెండోసారీ అంతే. మూడోసారి కూడా వాడు ఏలీ దగ్గరికే వచ్చాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. దేవుడు మూడుసార్లు పిలిచాడు. స్పష్టంగా, పేరు పెట్టి పిలిచాడు. వినడంలో పిల్లవాడి లోపం ఏమీ లేదు. విన్నాడు, వెంటనే లేచాడు, పరుగెత్తాడు. అయినా అది ఎవరి స్వరమో వాడికి తెలియలేదు. నేరుగా మాట్లాడితే చాలు, తెలిసిపోతుందని అనుకొనే మనకు ఈ కథ అడ్డు తగులుతుంది. దేవుడు నేరుగా మాట్లాడినా ఆ మాట్లాడేది దేవుడని చెప్పడానికి ఒక ముసలాయన కావలసివచ్చింది. ఆ ముసలాయనకు ఆ రాత్రి ఏ స్వరమూ వినబడలేదు. విన్నవాడికి తెలియదు, తెలిసినవాడికి వినబడదు. ఇద్దరూ ఒకచోట ఉంటేనే ఆ పిలుపుకు అర్థం ఏర్పడింది.

ఏలీ ఎలాంటివాడు? కొడుకులు మందిరంలోనే అక్రమాలు చేస్తుంటే అదుపు చేయలేకపోయిన తండ్రి. గొప్ప భక్తుడని మనం ఎత్తి చూపించే మనిషి కాడు. అయినా మూడోసారి వాడు వచ్చినప్పుడు గ్రహించాడు. ఈసారి పిలిస్తే ఏం జవాబు చెప్పాలో నేర్పి పంపాడు. పిల్లవాడికి వచ్చిన మొట్టమొదటి వర్తమానం ఏమిటో గుర్తుందా? ఏలీ ఇంటి మీద తీర్పు. తెల్లవారి తలుపులు తీసిన సమూయేలు ఆ మాట చెప్పడానికి భయపడ్డాడు. దాచకుండా చెప్పమని ఏలీయే ఒత్తిడి చేశాడు. విన్నాక కోపగించలేదు. సెలవిచ్చినవాడు యెహోవాయే కనుక తనకు ఏది మంచిదనిపిస్తే అది చేయనివ్వమని తల వంచాడు. స్వరాన్ని గుర్తుపట్టడం నేర్పినవాడే ఆ స్వరం తెచ్చిన తీర్పు కిందికి వచ్చాడు. సంఘంలో అధికారం ఉన్న ప్రతివాళ్లూ, నాతో సహా, ఈ భాగాన్ని ఏడాదికోసారైనా మోకాళ్ల మీద చదవాలి. దేవుని మాటను గుర్తుపట్టడానికి సాయపడతాం. ఆ మాట మన సొత్తు మాత్రం కాదు. మన ఎదుట కూర్చున్న చిన్నపిల్లవాడి నోట అది మన మీదికే రావచ్చు.

కొత్త నిబంధనలోకి వస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. దమస్కు దారిలో సౌలుకు, అంటే తర్వాతి పౌలుకు, కలిగిన దర్శనం కంటే నేరుగా కలిగిన దర్శనం ఏముంది? వెలుగు, స్వరం, పేరు, అన్నీ ఉన్నాయి. అయితే ఏం చేయాలని అడిగినప్పుడు, పట్టణంలోకి వెళ్లు, అక్కడ నీకు చెబుతారని జవాబు వచ్చింది. మూడు రోజులు చూపు లేకుండా, తిండీ నీళ్లూ లేకుండా అతడు ఒక ఇంట్లో ఎదురుచూశాడు. ఎవరి కోసం? అననీయ అనే ఒక మామూలు శిష్యుడి కోసం. ఆ అననీయ భయపడ్డాడు, ఎదురు చెప్పాడు. సౌలు చేసిన హింస గురించి చాలామంది నోట విన్నానన్నాడు. చివరికి వెళ్లి, తనను పట్టుకొని చెరసాలకు పంపడానికి వచ్చినవాడి మీద చేతులుంచి, తమ్ముడా అన్నట్టుగా పిలిచాడు. ఆ పిలుపు పరలోకం నుంచి రాలేదు. ప్రాణభయంతో చెమటలు పట్టిన మనిషి నోటి నుంచి వచ్చింది. అప్పుడే సౌలు కళ్ల నుంచి పొరలు రాలాయి.

అంతకంటే నన్ను ఎక్కువగా పట్టుకొన్న కథ కొర్నేలీది. కైసరయలో రోమా శతాధిపతి. పగలు మూడు గంటల వేళ ప్రార్థనలో ఉండగా దేవదూత అతనికి కనబడ్డాడు. ఇక్కడ ఒక మాట ఆలోచించండి. వచ్చినవాడు దూత. యేసు ఎవరో, ఎలా చనిపోయాడో, ఎలా లేచాడో నాలుగు వాక్యాల్లో చెప్పి వెళ్లిపోవచ్చు. చెప్పలేదు. ఒక చిరునామా చెప్పాడు. యొప్పేకు మనుషుల్ని పంపించు, సముద్రం ఒడ్డున సీమోను అనే చర్మకారుడి ఇంట్లో పేతురు అనే మారుపేరున్న ఇంకో సీమోను దిగి ఉన్నాడు, అతన్ని పిలిపించు అన్నాడు. సువార్తను మాత్రం దూత తన నోటితో పలకలేదు. దాన్ని పేతురుకే వదిలాడు.

ఆ ఇల్లు ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. తోళ్లు పదును చేసే చోటు ఊరికి 50 మూరల ఎడంగా, అది కూడా తూర్పు దిక్కునే ఉండాలని యూదుల మిష్నాలో నియమం ఉంది. మన దగ్గర లంద పక్కన పెరిగిన పిల్లలకు తంగేడు చెక్క నానిన నీళ్ల వాసన, సున్నం గోళాల్లోంచి తోలు పైకి తీసేటప్పుడు చేతులకు పట్టే మంట తెలుసు. ఊరు తమను ఎంత దూరాన ఉంచిందో కూడా తెలుసు. పేతురు దిగింది అలాంటి ఇంట్లో. ఆ ఇంటి మిద్దె మీద ఆకలిగా ఉన్నప్పుడు అతనికి దర్శనం వచ్చింది. తినకూడనివన్నీ ఉన్న దుప్పటిలాంటిది ఆకాశం నుంచి మూడుసార్లు దిగింది. దాని అర్థం అతనికి తోచలేదు. అతను ఇంకా ఆలోచిస్తూ ఉండగానే కొర్నేలీ మనుషులు తలుపు దగ్గరికి వచ్చారు. కైసరయ వెళ్లి, కొర్నేలీ చెప్పింది విన్న తర్వాతే దేవుడు పక్షపాతి కాడన్న సంగతి తనకు నిజంగా తెలిసిందని పేతురు నోరు తెరిచి చెప్పాడు.

చూశారా? కొర్నేలీకి దేవుణ్ణి తెలియజేయడానికి పేతురు వెళ్లాడు. దేవుడు ఎలాంటివాడో పేతురుకు కొర్నేలీ ఇంట్లో తెలిసింది. ఇద్దరికీ దర్శనాలున్నాయి, ఇద్దరి దర్శనాలూ సగమే. చర్మకారుడి ఇంటి నుంచి రోమా సైనికుడి ఇంటికి నడిచిన ఆ దారి పూర్తయ్యాకనే రెండు సగాలూ కలిశాయి. వాటిని అలా విడదీసి ఇచ్చింది దేవుడే. పూర్తి దర్శనాన్ని ఒక్కొక్కరికి విడివిడిగా ఇచ్చి ఉంటే యూదుడైన పేతురు అన్యజనుడి గడప ఎన్నటికీ తొక్కేవాడు కాడు. యెరూషలేములో ఆ తర్వాత అతన్ని నిలదీసింది కూడా అందుకే. సున్నతి లేనివాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లతో కలిసి తిన్నావేమని అడిగారు.

ఇదంతా ఎందుకు ఇలా ఉందంటే, క్రైస్తవ విశ్వాసానికి నడిబొడ్డున ఉన్నది కూడా ఇదే కాబట్టి. దేవుడు తన్ను తాను సంపూర్ణంగా తెలియజేసుకొన్నది ఒక మనిషిలో. సర్వలోకానికి ఒకేసారి వినబడే గర్జనతో కాకుండా, గలిలయ యాసతో మాట్లాడే ఒక వడ్రంగిలో. ఆయన్ని చూసినవాళ్లందరికీ ఆయన ఎవరో తెలియలేదు. సొంత ఊరివాళ్లు కొండ అంచు నుంచి తోసేయబోయారు. లేచిన తర్వాత కూడా మగ్దలేనే మరియ ఆయన్ని తోటమాలి అనుకొంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు ఆయనతో కలిసి నడిచి కూడా గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, గుర్తుపట్టగానే ఆయన కనబడలేదు. వాళ్లేం చేశారు? అప్పటికే పొద్దు వాలింది. అయినా ఆ గడియలోనే లేచి వచ్చిన దారిన యెరూషలేముకు తిరిగి వెళ్లి మిగతావాళ్లకు చెప్పారు. రెండో వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న దైవ ప్రత్యక్షత మీద వెలువరించిన పత్రం ఈ సంగతిని చక్కగా పట్టుకొంది. అందులో దేవుడు సమాచారం అందించేవాడుగా కనబడడు. స్నేహితులతో మాట్లాడినట్టు మనుషులతో మాట్లాడి, తన సహవాసంలోకి పిలుచుకొనేవాడుగా కనబడతాడు. ఆయన చేసినవి, చెప్పినవి ఒకదానితో ఒకటి విడదీయరానివని కూడా ఆ పత్రం అంటుంది. నేను ప్రొటెస్టెంటుగా పుట్టి పెరిగినవాణ్ణి. అయినా ఈ విషయం మీద దానికంటే మేలైన సంఘ పత్రం నేను చదవలేదని చెప్పడానికి సందేహించను.

ఇక మన నేల మీదికి వస్తాను.

ఒంగోలు ప్రాంతంలో తాళ్లకొండపాడు అనే ఊరు ఉంది. ఆ ఊరి మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య. దేవుణ్ణి తెలుసుకోవాలన్న ఆరాటం అతనికి ఏ మిషనరీ కలిగించింది కాదు. అంతకు ముందే ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకొన్నాడు. తోళ్ల వర్తకం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు యేసును గురించి విన్నాడు. 1866లో అతను, అతని భార్య బాప్తిస్మం పొందారు. మరుసటి ఏడాది మొదట్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి అక్కడ 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లను సిద్ధం చేసింది క్లౌ కాదు. పేరయ్య తన బంధువులకు, తనతో పాటు తోలుపని చేసేవాళ్లకు చెప్పుకొంటూ పోయాడు. క్లౌ భార్య ఎమ్మా 1899లో అచ్చు వేసిన పుస్తకంలో, చెప్పులు కుట్టుకొంటూ వాళ్లు చెప్పిన ఈ కథలన్నీ ఉన్నాయి. దానికి ఆమె పెట్టిన పేరు కూడా అదే పని మీద.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని క్లౌ వేలమందికి కూలి చూపించారు. కాలువ గట్టున మట్టి మోసేవాళ్లు కాసేపు చేరగిలబడినప్పుడు తెలుగు బోధకులు వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు. బియ్యం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మనం వేదికల మీద గొప్పగా చెప్పుకొంటాం. ఆ నీళ్లలో నిలబడి, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని బాప్తిస్మం ఇచ్చిన ఆరుగురు బోధకులు తెలుగువాళ్లన్న సంగతి మాత్రం చెప్పుకోం. ఊరి బయట ఉంచిన మనుషుల నోట దేవుడు మాట్లాడాడు. యొప్పే సముద్రం ఒడ్డు నుంచి గుండ్లకమ్మ ఒడ్డు వరకు ఇది ఒకే దారి అని నేను నమ్ముతున్నాను.

దోర్నకల్ గురించి కూడా చెప్పాలి. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో నైజాం రాజ్యంలోని ఆ చిన్న రైల్వే ఊరికి వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన కట్టించిన కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. తూర్పు జ్ఞానులకు శిశువైన క్రీస్తు ప్రత్యక్షమైన పండుగ రోజది. ఆ గుడి కూడా ఆ ప్రత్యక్షత పేరుతోనే ఉంది. రాతి స్తంభాలు, గుమ్మటాలు, మినార్లు ఒకచోట చేరిన ఆ కట్టడం ముందు నిలబడినప్పుడు, ఈ నేలలో ఎవరెవరి చేతులు దేవుని ఇంటిని ఎలా కట్టాయో అవన్నీ తీసుకోవాలన్న ఆయన కోరిక కళ్లకు కడుతుంది. దానికంటే నాకు ముఖ్యం ఆయన పెట్టిన ఒక వాడుక. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషి తన చేయి తన తల మీదే పెట్టుకొని, నేను బాప్తిస్మం పొందాను, ఇక సువార్త చెప్పకపోతే నాకు అనర్థం అన్న అర్థంలో ప్రమాణం చేయాలి. పౌలు తన గురించి చెప్పుకొన్న మాటను అక్షరం ముక్క రాని కూలివాళ్ల నోట అలా పెట్టారు. ఆ మేత్రాసనంలో ఏటా సాక్ష్య వారం జరిపేవారు. పొలం పనివాళ్లు, ఆడవాళ్లు, నిన్నగాక మొన్న నమ్మినవాళ్లు ఊళ్లూళ్లూ తిరిగి తమకు తెలిసింది చెప్పేవారు. తెలుగు జిల్లాల్లో మాల మాదిగల జీవితాల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి పై కులాలవాళ్లు సంఘంలోకి రావడాన్ని వాస్కమ్ పికెట్ అనే మిషనరీ 1933లో తన అధ్యయనంలో నమోదు చేశారు. ఎవరి నీడ పడితే మైల అనుకొన్నారో వాళ్ల నోటనే విన్నారు.

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ అమ్మగారు ఈ వరుసలో మనిషే. బైబిలు స్త్రీగా ఊళ్లు తిరిగిన కాలంలో ఆమె పద్ధతి నేను దగ్గరగా చూశాను. అరుగు మీద కూర్చుని ముందు ఒక కీర్తన పాడేవారు. తర్వాత ఒకే ఒక్క కథ చెప్పేవారు, ఎన్నడూ రెండు చెప్పేవారు కారు. చెప్పాక, ‘ఇప్పుడు నువ్వు చెప్పమ్మా’ అని ఎదుటి మనిషిని అడిగేవారు. ఆ మనిషి తడబడుతూ, తన ఇంటి మాటల్లో, మధ్యలో తన కోడలినో గేదెనో కలిపేసి చెబుతుంటే దిద్దేవారు కారు. సమరయ స్త్రీ కథ చెబుతూ ఒకావిడ బావి దగ్గర చేద లేని సంగతిని వదిలేసి, ఆ ఆడమనిషికి మిట్టమధ్యాహ్నం నీళ్లకు రావలసిన ఖర్మ ఎందుకు పట్టిందో చాలాసేపు చెప్పుకొచ్చింది. తన వాడలోవాళ్లు ఊరి బావి దగ్గరికి ఏ వేళకు వెళ్లాల్సి వచ్చేదో ఆమెకు తెలుసు. అమ్మగారు కళ్లు తుడుచుకొని, ఈ కథ ఇవాళ నాకు తెలిసిందన్నారు. అది మర్యాదకు అన్న మాట కాదు. ఆ తర్వాత ఆమె ఆ కథను ఎక్కడ చెప్పినా ఆ మధ్యాహ్నపు ఎండను గురించి చెప్పకుండా ఉండేవారు కారు.

ఇప్పుడు ఒక గట్టి అభ్యంతరానికి జవాబు చెప్పాలి. 1777లో జర్మన్ రచయిత లెస్సింగ్ దీన్ని అడిగారు. అద్భుతాన్ని చూడడం వేరు, ఎవరో చూశారని వినడం వేరు. ఎన్నడో జరిగిన సంగతి గురించి ఎవరో చెప్పిన మాట మీద నా నిత్యజీవాన్ని ఎలా నిలబెట్టుకోను? ఆ మధ్యనున్న అగడ్తను తాను ఎంత ప్రయత్నించినా దాటలేకపోతున్నానని ఆయన నిజాయితీగా ఒప్పుకొన్నారు. సాక్షి పొరబడవచ్చు, అబద్ధం చెప్పవచ్చు. ఏలీ కొడుకుల్లాంటివాళ్లు సాక్షులుగా దొరికితే వినేవాడి గతి ఏమిటి? సంఘంలో చెప్పేవాళ్ల బతుకు చూసి విశ్వాసమే వదిలేసినవాళ్లు మనకు తెలియనివాళ్లు కారు. వాళ్ల బాధను తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు.

లెస్సింగ్‌కు నా జవాబు సమరయ ఊరివాళ్ల దగ్గర ఉంది. వాళ్లు మొదట ఆ స్త్రీ సాక్ష్యం వల్లే నమ్మారు. ఊళ్లో ఆమెకు ఎంత మర్యాద ఉండేదో మనం ఊహించుకోవచ్చు. ఆ తర్వాత యేసు రెండు రోజులు వాళ్ల ఊళ్లో ఉన్నాడు. ఇక నీ మాటను బట్టి కాదు, మేమే స్వయంగా విన్నామని వాళ్లు ఆమెతో చెప్పారు. సాక్ష్యం వాళ్లను తీసుకెళ్లి ఒకచోట దింపింది. అక్కడి నుంచి ఆయనే మాట్లాడాడు. ఆయన్ని కళ్లారా చూసిన తరానికి మనకంటే ఎక్కువ సౌకర్యం ఏమీ లేదని డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగోర్ 1844లో వాదించింది కూడా ఇందుకే. చూసినవాళ్లలోనూ అనేకులు నమ్మలేదు. దూరంగా ఉన్న తరానికైనా, పక్కన నడిచిన తరానికైనా విశ్వాసం దేవుడే ఇవ్వాలి. సాక్షి ఆ ఇచ్చే చేయి కాడు, ఆ చేయి వైపు చూపించే వేలు.

మరి నేరుగా కలిగే అనుభవాల సంగతి? అవి లేవని నేను అనను. ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ తనకు 1654 నవంబరు 23 రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కలిగిన అనుభవాన్ని ఒక కాగితం మీద రాసి కోటు లోపల కుట్టుకొన్నారు. 1662లో ఆయన చనిపోయాక సేవకుడికి అది దొరికింది. మన దగ్గర ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను ఆరంభించి, దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని వేలమందికి నేర్పారు. దేవుడు ఇప్పుడూ మాట్లాడతాడన్న నమ్మకాన్ని తెలుగు సంఘంలో ఆయన నిలబెట్టారు. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. అయితే ఆయన దాన్ని ఒంటరివాళ్ల వ్యవహారంగా వదిలేయలేదు, కూడి కనిపెట్టమన్నారు. ఆ కూడిక నాకు చాలా ముఖ్యం. పునరుత్థానం రోజు సాయంత్రం తోమా మిగతావాళ్లతో లేడు, అందువల్ల చూడలేదు. వారం తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు, అప్పుడు తోమా వాళ్ల మధ్య ఉన్నాడు. విడిగా తోమా ఒక్కడికే ఎక్కడో కనబడవచ్చు. అలా చేయలేదు.

కాబట్టి, నాతో ఎందుకు మాట్లాడడని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. నువ్వు కనిపెట్టు, మానకు. అయితే ఇప్పటిదాకా నీకు ఆయన్ని గురించి చెప్పినవాళ్లెవరో ఒక్కసారి లెక్క వేసుకో. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని మొదటి ప్రార్థన నేర్పిన అమ్మమ్మ ఉంటుంది, కష్టంలో నీ గడపకు వచ్చిన మనిషి ఉంటాడు. నీకు నచ్చని మాట చెప్పి నిన్ను నిద్ర పోనివ్వనివాళ్లూ ఉంటారు. వాళ్ల మాటల్లో దేన్ని నువ్వు ఇంకా ఏలీ గొంతే అనుకొంటున్నావో చూసుకో. మనలో ఇప్పటికీ మాల గుడి, మాదిగ గుడి అని వేరువేరుగా కూర్చునే ఊళ్లున్నాయి, శ్మశానాలు కూడా విడిగా ఉన్న సంఘాలున్నాయి. అలాంటి చోట పెరిగిన పిల్లవాడు దేవుడు తనతో మాట్లాడడం లేదని బాధపడుతుంటే, ఆ మాట మోసుకొచ్చే మనిషిని మనమే గోడ అవతల కూర్చోబెట్టామేమోనని పెద్దవాళ్లమైన మనం ముందు చూసుకోవాలి. పేతురు కైసరయకు ఒంటరిగా వెళ్లలేదు. యొప్పే నుంచి ఆరుగురు సోదరుల్ని వెంట తీసుకెళ్లాడు, వాళ్లతో కలిసే ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. కొర్నేలీ కోరితే కొన్ని దినాలు అక్కడే ఉండిపోయాడు.